ముందు పడుగు.. తర్వాతే రీల్స్

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నడుమ ఉన్న రుద్రంగి లాంటి ఊరి నుంచి ఫోన్‌లో సరుకు అమ్మాలంటే ఏం కావాలి? జవాబు కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ల అనుభవం చాలు.

2018 ఆగస్టు. కరిగెట చేస్తున్న పొలం, కాళ్లు కూరుకుపోయే బురద, అందులో నడుస్తున్న ఎడ్ల జత. వాటి పక్కన ఇద్దరు యువకులు కెనడా ర్యాపర్ డ్రేక్ పాటకు అడుగులు వేస్తున్నారు. ఆ రోజుల్లో ‘కికీ ఛాలెంజ్’ పేరుతో నగరాల్లో జనం కదులుతున్న కార్లలోంచి దిగి నడిరోడ్డు మీద చిందులేస్తుంటే, అది ప్రమాదమని పోలీసులు హెచ్చరికల మీద హెచ్చరికలు చేస్తున్నారు. అదే పాటను జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి కుర్రాళ్లు పొలంలోకి దింపారు. అనిల్ జీల, పిల్లి తిరుపతి ఆడారు. శ్రీరామ్ శ్రీకాంత్ చిత్రీకరించారు. కొన్ని రోజుల్లోనే ఆ వీడియో దేశాలు దాటిపోయింది.

ఆ వీడియో అందరికీ గుర్తుంది. దాని వెనకున్న ఆరేళ్లను మాత్రం ఎవరూ పెద్దగా తలచుకోరు. ఆ కుర్రాళ్ల ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ మొదలైంది 2012లో. జియో రావడానికి అప్పటికింకా నాలుగేళ్లుంది. పల్లెలో ఒక వీడియో చూడాలంటే డేటా ఖర్చుకు వెనకాడే కాలం. అయినా వాళ్లు తీస్తూ పోయారు. పండుగలు, పంచాయితీలు, ఎన్నికలు, కూలి పనులు, ఇంటి గొడవలు అన్నీ అదే ఊళ్లో, అవే ముఖాలతో, అదే యాసలో తీశారు. కికీ పాట చూసి వచ్చిన కొత్త ప్రేక్షకుడికి చానెల్‌లో ఆరేళ్ల పని కనిపించింది. ఒక్క వీడియో కోసం వచ్చినవాడు ఇంకో పది చూశాడు. చందాదారుల సంఖ్య పది లక్షలు దాటింది. ఆ వీడియోల్లో నటించిన, జీవితమంతా కూలి చేసుకున్న మిల్కూరి గంగవ్వ 2019లో ‘మల్లేశం’ సినిమాలో కనిపించింది, 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు వెళ్లింది, సొంత ఇల్లు కట్టుకుంది.

దీన్ని అదృష్టం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఏ పాట ఎప్పుడు ఊపందుకుంటుందో ఎవరి చేతిలోనూ ఉండదు, నిజమే. కానీ జనం వచ్చిన రోజున చూపించడానికి మన దగ్గర ఏముందన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. డిజిటల్ మార్కెటింగ్ పేరుతో ఇవాళ పట్టణాల్లో కోర్సులు చెబుతున్నారు, ప్యాకేజీలు అమ్ముతున్నారు, నెలకు ఇన్ని పోస్టర్లు, ఇన్ని రీల్స్ అని లెక్కలు కడుతున్నారు. వాటన్నింటికంటే ముందు నిలబడాల్సిన నాలుగు విషయాల గురించే ఈ కథనం. ఏం అమ్ముతున్నాం, ఎవరికి అమ్ముతున్నాం, వాళ్లు మనల్ని ఎక్కడ వెతుకుతారు, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నామా? సిరిసిల్లలో ఎవరినడిగినా చెబుతారు, పడుగు వదులుగా ఉంటే పేక ఎంత వేగంగా కొట్టినా గుడ్డ నిలవదని. ఫోన్‌లో వ్యాపారమూ అంతే.

ఊరు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి

కోరుట్ల నుంచి కథలాపూర్ మీదుగా వేములవాడ వైపు వెళ్తుంటే రుద్రంగి వస్తుంది. 2016 అక్టోబరు 11కు ముందు ఇది కరీంనగర్ జిల్లా చందుర్తి మండలంలో ఒక ఊరు. జిల్లాల పునర్విభజనతో కొత్త మండల కేంద్రమైంది, రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరింది. సరిహద్దు దాటితే జగిత్యాల జిల్లా. బజారు పనికి జనం కోరుట్లకు పోతారు, జిల్లా ఆఫీసు పనికి సిరిసిల్లకు పోతారు, మొక్కు తీర్చుకోను వేములవాడ రాజన్న దగ్గరికి పోతారు.

ఇది భూగోళం పాఠంలా అనిపించొచ్చు. కానీ ఫోన్‌లో వ్యాపారం మొదట దెబ్బతినేది ఇక్కడే. పదేళ్ల కింద అచ్చు వేయించిన బిల్లు పుస్తకం మీద కరీంనగర్ జిల్లా, దుకాణం బోర్డు మీద సిరిసిల్ల జిల్లా, ఫేస్‌బుక్ పేజీలో జగిత్యాల, గూగుల్ మ్యాప్‌లో పాత మండలం. ఊరి పేరు ఇంగ్లీషులో ఒకచోట ‘హెచ్’ చేర్చి, ఇంకోచోట చేర్చకుండా. దుకాణం ఫోన్ నంబరు మారినా పాతది ఇంకా నాలుగు చోట్ల అలాగే ఉంటుంది. వెతికే మనిషికి ఇవన్నీ ఒకే దుకాణమని ఎలా తెలుస్తుంది? వెతికిపెట్టే యంత్రానికి అసలే తెలియదు. పేరు, చిరునామా, నంబరు ఈ మూడూ అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే గూగుల్ ఆ దుకాణాన్ని గుర్తుపట్టడం తేలికవుతుంది. ఇందుకు రూపాయి ఖర్చు లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. బోర్డు కనబడేలా, లోపల సరుకు కనబడేలా వీడియో తీసి చూపిస్తే ధ్రువీకరణ కూడా అయిపోతుంది.

రుద్రంగికి ఇంకో చిక్కు ఉంది. 2023 జులైలో జగపతిబాబు నటించిన సినిమా ఇదే పేరుతో విడుదలైంది. అప్పటి నుంచి ఊరి పేరు ఒక్కటే కొడితే సినిమా ట్రైలర్లు, పోస్టర్లు, పాటలు పోటీకొస్తాయి. కాబట్టి ఒట్టి ‘రుద్రంగి’ అని పేరు పెట్టుకున్న వ్యాపారం సినిమా కింద పడి కనబడకుండా పోతుంది. ‘రుద్రంగి సకినాలు’, ‘రుద్రంగి టైలరింగ్, కోరుట్ల రోడ్డు’ అని సరుకునో చోటునో పేరుతో కలిపి రాసుకున్నవాడు దొరుకుతాడు. చిన్న విషయమే. కానీ పేరు పెట్టేటప్పుడే చూసుకోవాలి, పదేళ్లయ్యాక మార్చుకోవడం కష్టం.

అందరికీ తెలిసిన గుడ్డ, ఎవరికీ తెలియని పేరు

సిరిసిల్లలో సుమారు 30 వేల మరమగ్గాలున్నాయి. అక్కడి మాటలో సాంచాలు. పట్టణంలో ఏ వీధిలో నిలబడ్డా చప్పుడు వినిపిస్తుంది. సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని కూలికి గుడ్డ నేసిచ్చే ఆసాములు, వాళ్ల దగ్గర పనిచేసే కార్మికులు, బీములు నింపే వార్పర్లు, వైపని చేసేవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు. ఎన్నికలొస్తే పార్టీల కండువాలు, జెండాలు ఇక్కడే తయారవుతాయి. 2021 డిసెంబరులో జెండా నియమావళిని సవరించి పాలిస్టర్‌తో, యంత్రం మీద జాతీయ జెండా తయారు చేయొచ్చని కేంద్రం అనుమతిచ్చాక, 2022లో ‘ఇంటింటా త్రివర్ణం’ కార్యక్రమం వేళ సిరిసిల్ల సాంచాల మీద జెండా గుడ్డ నడిచింది.

ఇంత గుడ్డ బయటికి పోతోంది కదా, దాని మీద సిరిసిల్ల పేరెక్కడ? కండువా మెడలో వేసుకున్నవాడికి అది ఎక్కడ నేశారో తెలియదు. పెటికోటు గుడ్డ కొన్న అక్కకు తెలియదు. నేసినవాడి దగ్గర కొన్నవాడి నంబరు లేదు, కొన్నవాడి దగ్గర నేసినవాడి నంబరు లేదు.

2017లో బతుకమ్మ చీరల పథకం వచ్చింది. మొదటి ఏడాది సమయం చాలక కొంత సరుకు సూరత్ నుంచి తెచ్చారు. నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల మహిళలు చీరలు తగలబెట్టారు. తర్వాతి ఏళ్లలో సిరిసిల్లలోనే నేయించారు, సాంచాలకు డాబీలు బిగించి రకరకాల అంచులు, రంగులు తెచ్చారు. ఏటా దాదాపు కోటి చీరలు, వందల కోట్ల రూపాయల ఆర్డరు. వలసపోయిన నేతన్నలు కొందరు తిరిగొచ్చారు. ఈ పథకం చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించిందన్నది నిజం, దాన్ని కాదనలేం. అయితే ఆ ఏళ్లలో ఆ చీరలకు కొనుగోలుదారు ఒక్కడే, ప్రభుత్వం. 2024 మొదట్లో ఆర్డర్లు లేక, పాత బకాయిలు రాక సాంచాలు ఆగిపోయినప్పుడు ఫోన్ చేసి ‘మా దగ్గర మంచి చీర ఉంది, కావాలా’ అని అడగడానికి ఇంకో కొనుగోలుదారు జాబితా ఎవరి దగ్గరా లేకపోయింది. బతుకమ్మ చీరల పథకం ఆగిపోయింది. తర్వాత మహిళా సంఘాల సభ్యులకిచ్చే ఇందిరమ్మ చీరల ఆర్డరు వచ్చింది. పని దొరికింది, సంతోషం. కానీ కొనుగోలుదారు మళ్లీ ఆ ఒక్కడే.

కోటి మంది ఆడబిడ్డలు సిరిసిల్ల చీర కట్టుకున్నారు. ఆ చీర మడతలో చిన్న చీటీ పెట్టి, నేసిన సంఘం పేరు, ఒక వాట్సాప్ నంబరు రాసి ఉంటే? వందలో ఒక్కరు పలకరించినా లక్ష మంది. ఆ లక్షమందిలో ఎందరు ఇంకో చీర కొనేవారో చెప్పలేను. కానీ ఆ లక్ష నంబర్లు సిరిసిల్ల సొంతమయ్యేవి. నా మటుకు ఆ ఏడెనిమిదేళ్లలో చేజారిన పెద్ద అవకాశం ఇదే. ఇందిరమ్మ చీరల విషయంలోనైనా జౌళి శాఖ, నేత సంఘాలు కలిసి ఈ పని చేయొచ్చు. చీటీ అచ్చుకు అయ్యే ఖర్చు చీర ధరలో లెక్కకు రాదు.

వార్త చదివినవాడు ఎక్కడ కొనాలి?

సిరిసిల్లకు మరో ముఖం ఉంది. చేనేతది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి నల్ల పరంధాములు పేరు తెచ్చుకుంటే, కొడుకు విజయ్ అదే దారిలో సువాసన వెదజల్లే చీర, రంగులు మారే చీర నేసి పత్రికలకెక్కాడు. వెల్ది హరిప్రసాద్ జీ20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి ప్రధానికి పంపితే, 2022 నవంబరు 27న ‘మన్ కీ బాత్’లో మోదీ ఆయన పేరు తీసుకుని మాట్లాడారు. అదే ఏడాది హరిప్రసాద్ చీరలను ప్రవాస తెలంగాణ మహిళ చొరవతో ‘రాజన్న సిరిపట్టు’ పేరుతో న్యూజిలాండ్‌లో ఆవిష్కరించారు. అక్కడి మంత్రి ప్రియాంకా రాధాకృష్ణన్ ఆ కార్యక్రమంలో పాల్గొన్నారు.

ఇక్కడ పడుగూ ఉంది, పేకా ఉంది. చేతిలో ఎవరూ కాదనలేని పనితనం, వేములవాడ రాజన్నను, పట్టణాన్ని ఒక్క పేరులో గుర్తుచేసే బ్రాండు, ఆ పేరు వినగానే ఇల్లు గుర్తొచ్చే ప్రవాసుల గుంపు. ప్రధాని నోట పేరు వచ్చిన రోజు దేశమంతా సిరిసిల్ల నేతన్న గురించి వెతికి ఉంటుంది. అలాంటి రోజు ఏ ఊరికైనా చాలా అరుదుగా వస్తుంది. ఆ రోజుకు ముందే సిద్ధంగా ఉండాల్సినవి ఉన్నాయి. చీర ఫొటోలు, ధర, ఎన్ని రోజుల్లో నేసిస్తారు, డబ్బులు ఎలా పంపాలి, ఎవరితో మాట్లాడాలి. పత్రికలో వార్త చదివిన మనిషి ఉత్సాహం సాయంత్రం దాకానే ఉంటుంది. ఆ లోపు దొరక్కపోతే ఇంకో చీర కొనుక్కుంటాడు.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. సిరిసిల్లలో ఎక్కువ భాగం మరమగ్గం గుడ్డ. దాన్ని చేనేత అని ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాళ్లు బయట చాలామంది ఉన్నారు. చేనేతకే కేటాయించిన రకాలను కాపాడటానికి 1985లోనే చట్టం వచ్చింది, కొనేవాడు గుర్తుపట్టడానికి 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. సాంచం మీద నేసింది సాంచం గుడ్డేనని చెప్పి అమ్మితే సిగ్గుపడాల్సిందేమీ లేదు. దాని ధర తక్కువ. అబద్ధం చెబితే మాత్రం ఒక్క కొనుగోలుదారుడు దారం లాగి చూసి కింద కామెంట్ రాసిన రోజున, నిజంగా చేతిమగ్గం మీద నేసేవాడి పేరు కూడా పోతుంది.

నమ్మకం కరువైన చోట

మన ప్రాంతంలో ఇంటికొకరు కాకపోయినా వాడకొకరు గల్ఫ్‌లో ఉన్నారు. దుబాయ్, మస్కట్, సౌదీ అన్నవి ఇక్కడి పిల్లలకు పక్క ఊళ్ల పేర్లంత దగ్గర. ఆ దారిలోనే మోసాలూ వచ్చాయి. కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా మీద పంపిన ఏజెంట్లు, డబ్బు తీసుకుని ఫోన్ ఎత్తనివాళ్లు. వాట్సాప్ వచ్చాక ఆ ప్రకటనలు ఇంకా అందంగా తయారయ్యాయి. కంపెనీ గుర్తు, జీతం, ఉచిత భోజనం, కింద ఒక నంబరు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చని తెలియక అప్పుల పాలైన ఇళ్లు ఎన్నో. వీటికి తోడు ఓటీపీ దొంగలు, లోన్ యాప్‌లు. డబ్బు పోయిన గంటలోపే 1930కి ఫోన్ చేయాలని తెలిసేసరికి ఆలస్యమైపోయిన కుటుంబాలు కూడా ఉన్నాయి.

అందుకే ఇక్కడి మనిషి తెలియని నంబరు నుంచి వచ్చిన ఆఫర్‌ను అనుమానంగా చూస్తాడు. చూడాలి కూడా. డిజిటల్ మార్కెటింగ్ పాఠాలు ఈ మాట చెప్పవు. అవి జనం చూపు ఎలా లాగాలో నేర్పుతాయి. మన ఊళ్లో చూపు లాగడం తేలిక, నమ్మకం సంపాదించడం కష్టం. ముఖం చూపించాలి. దుకాణం ముందు నిలబడి మాట్లాడాలి. చిరునామా పూర్తిగా రాయాలి. ధర దాచకూడదు. ‘రేటు కోసం ఇన్‌బాక్స్‌కు రండి’ అన్న మాట మన దగ్గర అనుమానం పెంచుతుంది తప్ప ఆసక్తి పెంచదు. సరుకు బాగాలేకపోతే తిరిగి తీసుకుంటానని రాయడమే కాదు, తీసుకోవాలి కూడా.

అమెరికన్ ఆచార్యుడు జెరోమ్ మెకార్తీ 1960లో మార్కెటింగ్‌ను నాలుగు అంశాలుగా విడదీసి చెప్పాడు. సరుకు, ధర, చోటు, ప్రచారం. అరవై ఏళ్లు దాటినా కాలేజీల్లో అదే చెబుతున్నారు. ఆ వరసలో ప్రచారానిది చివరి స్థానం. ఫోన్ చేతికొచ్చాక మనం దాన్ని తలకిందులు చేశాం. సరుకు కుదరకముందే రీల్ తీస్తున్నాం.

సకినాల అక్క లెక్క

ఒక ఊహ చేద్దాం. రుద్రంగిలో ఒక అక్క సకినాలు, సర్వపిండి, గారిజెలు చేసి అమ్ముతుంది. సంక్రాంతికి ఊరంతా ఆమె దగ్గరికే వస్తారు. కొడుకు ఇంటర్ చదివాడు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెడతానంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పేజీ దగ్గర కాదు, సకినం దగ్గర. ఇంట్లో రెండు రోజులకు తినేసే సకినం వేరు, దుబాయ్ పోయేవాడి బ్యాగులో ప్రయాణం చేసి అక్కడ గదిలో పది రోజులుండే సకినం వేరు. నూనె వాసన రాకుండా, విరగకుండా, తేమ తగలకుండా చేసే పద్ధతి ముందు కుదరాలి. ప్యాకెట్ మీద బరువు, ధర, తయారైన తేదీ, పదార్థాలు, చిరునామా, ఆహార భద్రతా సంస్థ నమోదు నంబరు ఉండాలి. ఇవి చట్టం అడిగేవే. కానీ కొనేవాడికి అవే మొదటి భరోసా.

తర్వాత ఆమె కొనుగోలుదారులు ఎవరు? రెండు రకాలవాళ్లున్నారు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లేవాళ్లు, వేములవాడ, కొండగట్టు యాత్రకు పోతూ దారిలో ఆగేవాళ్లు. ఇద్దరికీ ఒకే రీల్ పనికిరాదు. యాత్రికుడు కారులో కూర్చుని మ్యాప్‌లో వెతుకుతాడు. అతని కోసం గూగుల్‌లో సరైన చోటు, తెరిచే వేళలు, నాలుగు మంచి ఫొటోలు చాలు. గల్ఫ్‌వాడు వాట్సాప్‌లో ఉంటాడు. ‘అక్కా, రెండు కిలోలు కావాలె, వచ్చే సోమవారం మస్కట్ పోతున్న’ అని మెసేజ్ పెడతాడు. అతనికి కావాల్సింది వెంటనే జవాబు, సమయానికి ప్యాకింగ్.

2018 జనవరిలో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో సరుకుల పట్టిక పెట్టుకోవచ్చు, జవాబులు ముందే రాసిపెట్టుకోవచ్చు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చొచ్చు గానీ, అవతలివాళ్లు మన నంబరును తమ ఫోన్‌లో దాచుకుంటేనే ఆ మెసేజ్ వాళ్లకు చేరుతుంది. అందుకని డబ్బులు తీసుకునేటప్పుడే ‘తమ్మీ, నా నంబర్ సకినాల అక్క అని సేవ్ చేసుకో, కొత్తయి చేసినప్పుడు చెప్త’ అనాలి. ఆ ఒక్క మాటకున్న విలువ బూస్ట్ బటన్‌కు లేదు. అవతలివాడు ఒప్పుకున్నాకే మెసేజ్ పెట్టడం మర్యాద. చట్టం చెప్పేదీ అదే. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది.

డబ్బు సంగతి కూడా తేలికైంది. యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతర్ నంబర్లతో ఉన్న ఎన్ఆర్ఈ ఖాతాల నుంచి యూపీఐ చెల్లింపులకు 2023 నుంచి వీలుంది. రియాద్‌లో ఉన్న కొడుకు రుద్రంగిలో తల్లి ఇంటికి సకినాలు పంపమని అక్కడి నుంచే డబ్బు కట్టొచ్చు. పండుగకు ఇంటికి రాలేని కొడుకు చేయాలనుకునే పని అదే. ఆ అక్క పట్టికలో ‘ఇంటికి పంపిస్తాం’ అన్న ఒక్క వరుస చేరిస్తే ఇంకో రకం కొనుగోలుదారు దొరికినట్టే.

ఎప్పుడు పోస్టు పెట్టాలన్నదీ ఇక్కడి నుంచే తేలుతుంది. సౌదీలో, కువైట్‌లో కార్మికులకు శుక్రవారం సెలవు. యూఏఈలో 2022 జనవరి నుంచి ప్రభుత్వ వారాంతం శని, ఆదివారాలకు మారింది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక, రియాద్‌ది రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి పదిన్నర అయితే రియాద్‌లో డ్యూటీ దిగి అన్నం వండుకునే ఎనిమిది. కోర్సులో చెప్పిన ‘ఉత్తమ సమయం’ పట్టిక అమెరికా వాళ్లది. మన పట్టిక మనమే రాసుకోవాలి. సంక్రాంతికి సకినాలు, శివరాత్రి జాతరకు వేములవాడ దారి, ఎండాకాలం జగిత్యాల మామిడి, ఆషాఢం తర్వాత పెళ్లి ముహూర్తాలు, బతుకమ్మకు చీరలు, జాకెట్లు. మెట్‌పల్లి యార్డుకు పసుపు వచ్చే కాలంలో రైతు చేతిలో డబ్బు ఆడుతుంది. ఈ క్యాలెండర్ మన ఇళ్లలో ఎప్పుడూ ఉంది.

ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మాలనుకునేవాళ్లకు ఒక వెసులుబాటు. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ పరిమితిలోపు ఉన్న చిన్న వ్యాపారులు రాష్ట్రంలోపలే అమ్మేటట్టయితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే నమోదు సంఖ్య తీసుకుని ఈ-కామర్స్ వేదికల మీద సరుకు పెట్టొచ్చు. రాష్ట్రం దాటితే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి.

అన్నీ ఫోన్‌లో అమ్ముడుపోవు, అది కూడా చెప్పుకోవాలి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఇళ్లలో వేలాది ఆడవాళ్లు బీడీలు చుడతారు. పొగాకు ప్రకటనలను 2003 చట్టం నిషేధించింది, అది మంచి చట్టం. ఆ చేతులకు ఇంకో పని, ఇంకో సరుకు చూపించాల్సిన బాధ్యత మనదే.

ఇంకొకరి జాగలో కట్టుకుంటే

2020 జూన్ 29 రాత్రి కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. మన పల్లెల్లో అప్పటికి ఎంతమంది దాని మీద పేరు తెచ్చుకున్నారో అందరికీ తెలుసు. తెల్లారేసరికి ఫాలోవర్లు లేరు, వీడియోలు లేవు. కొద్ది రోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది, తర్వాత యూట్యూబ్ షార్ట్స్. అక్కడికి పోయి సున్నా నుంచి మొదలుపెట్టినవాళ్లు కొందరు, ఆగిపోయినవాళ్లు చాలామంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు పనిచేయలేదు. మూడింటి యజమాని ఒక్కరే కాబట్టి మూడూ ఒకేసారి ఆగాయి.

వాటిని వాడొద్దని కాదు. అక్కడికే జనం వస్తారు, అక్కడే ఉండాలి. కానీ కొనుగోలుదారుల పేర్లు, నంబర్లు, ఏం కొన్నారో, ఎప్పుడు కొన్నారో మన పుస్తకంలో ఉండాలి. రాసుకునేది ఎర్ర ఖాతా పుస్తకమైనా సరే, ఎక్సెల్ అయినా సరే. రుద్రంగిలో చిన్న వ్యాపారికి మొదటి ఏడాది వెబ్‌సైటు అవసరం లేదని నా అభిప్రాయం. ఖాతా పుస్తకం మాత్రం మొదటి రోజు నుంచే కావాలి. అందులో ఇంకో గడి గీయాలి. ‘మా గురించి ఎట్ల తెలిసింది?’ అని ప్రతి కొత్త మనిషిని అడిగి జవాబు రాయాలి. ఆరు నెలలయ్యాక చూస్తే ప్రచారం డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ గడే చెబుతుంది. ఐదువేల లైకులు వచ్చిన రీల్ ఒక్క ఆర్డరు కూడా తేకపోవచ్చు. పక్కింటి వదిన చెప్పిన మాట పది ఆర్డర్లు తేవొచ్చు. డబ్బు పెట్టి ప్రకటన వేయాల్సింది ఆ లెక్క తేలాకే. అప్పుడు యూఏఈలో తెలుగు చదివేవాళ్లకే కనబడేలా కూడా పెట్టుకోవచ్చు.

మన యాసలోనే

లంబాడిపల్లి నుంచి నేర్చుకోవాల్సిన ఇంకో పాఠం యాస. 2012లో జగిత్యాల యాసలో వీడియో తీయడమంటే ధైర్యమే. సినిమాల్లో అప్పటిదాకా ఆ మాట చాలావరకు నవ్వించడానికో విలన్‌కో పరిమితం. వాళ్లు దాన్ని సవరించుకోలేదు, మెత్తబరచలేదు. గంగవ్వ ఇంట్లో ఎలా మాట్లాడుతుందో తెర మీదా అలాగే మాట్లాడింది. అమెరికాలో ఉన్న తెలంగాణ కుటుంబానికి, సౌదీలో ఉన్న మేస్త్రీకి ఆ గొంతులో వాళ్ల అవ్వ వినిపించింది.

ఇప్పుడు కోరుట్లలో ఒక బట్టల దుకాణం ప్రకటన చూడండి. ముంబై మోడల్ ఫొటో, ఇంగ్లీషు అక్షరాలు, హైదరాబాద్ యాంకర్ గొంతు. ఏ ఊరి దుకాణానికైనా అతికే ప్రకటన అది. అదే దుకాణంలో ముప్పై ఏళ్లుగా చీర మడతలు విప్పి చూపించే పెద్దాయన ‘బిడ్డా, ఈ అంచు చూడు’ అని ఫోన్ ముందు ఒక నిమిషం మాట్లాడితే ఎవరు వినరు? బోర్డు మీద ఒక భాష, పోస్టర్‌లో ఒక భాష, ఫోన్ ఎత్తితే ఇంకో భాష ఉన్నప్పుడు కొనేవాడికి ఆ దుకాణం ఎవరిదో పట్టదు. అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే ధర, ఒకే గొంతు వినబడాలి. కౌంటర్ దగ్గర కుర్రాడు చెప్పే ధర, వాట్సాప్ పట్టికలో ధర వేరైతే లక్ష రూపాయల ప్రకటన కూడా ఆ ఒక్క క్షణాన్ని బాగుచేయలేదు.

ఈ పని ఒక్కో వ్యాపారి ఒంటరిగా చేయాల్సిన అవసరమూ లేదు. మండలంలోని మహిళా సంఘాలు కలిసి ఒక్క పేరు పెట్టుకుని, ఒక్క నాణ్యత కట్టుబాటు రాసుకుని, ఒక్క నంబరు మీద ఆర్డర్లు తీసుకోవచ్చు. ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలకు ఫోన్‌లో పనులన్నీ వచ్చు. వాళ్లను కూర్చోబెట్టి ఈ పని అప్పగించి, జీతం ఇవ్వాలి. రీల్ తీయడం సరదా పని, ఆర్డరు లెక్క రాయడం విసుగు పని. జీతం రెండో దానికి ఇవ్వాలి.

మీకు రుద్రంగిలో గానీ, కథలాపూర్‌లో గానీ, కోరుట్ల బజారులో గానీ చిన్న దుకాణమో ఇంటి వ్యాపారమో ఉంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంకొకరి ఫోన్ తీసుకుని మీ దుకాణం పేరు వెతకండి. పేరు, జిల్లా, నంబరు సరిగ్గా ఉన్నాయేమో చూడండి. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో, ఎన్ని సార్లు మోగాక ఎత్తుతారో గమనించండి. తప్పున్నవి ఇవాళే సరిదిద్దండి. రీల్ వచ్చే ఆదివారం తీయొచ్చు.